ట్రాక్టరు బ్యాటరీతో చాచా జీపు

ఆ రోజుల్లో ఒంటరితనానికి మందు ఏదో ఒక పని కల్పించుకోవడమేనని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడూ నమ్ముతాను గానీ, ఎవరైనా అడిగితే వయసుకు తగ్గట్టు వేరే జవాబు చెబుతాను. మోత్కూరులో మాది చేనేత ఇల్లు. మగ్గం చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే నిద్రపోయినవాణ్ణి. హాలియాలో కాలువల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి, ఒక అర్ర కిరాయికి తీసుకుని దిగిన మొదటి సాయంత్రం తలుపు వేసుకోగానే వినిపించిన నిశ్శబ్దానికి (నిశ్శబ్దం వినిపిస్తుందని ఆ రోజే తెలిసింది) ఏడుపొచ్చినంత పనయింది. పగలు ఆఫీసులో రైతులు నీళ్ల కోసం కొట్లాడేవాళ్లు. సాయంత్రమైతే నాతో కొట్లాడే దిక్కు కూడా లేదు. 'తిన్నవా' అని అడిగే మనిషి కోసం ప్రాణం కొట్టుకునేది.

ఇంటి ఓనరును అందరూ చాచా అనేవాళ్లు, బజారులో దర్జీ. భార్య పోయింది, కూతురు మిర్యాలగూడలో కాపురం. ఆయనది ముందు అర్ర, నాది వెనక అర్ర. ఎదురుపడితే "సలాం సారూ", "సలాం చాచా", అంతే. ఆయన బామ్మర్ది జిద్దా నుంచి వస్తూ రిమోటుతో నడిచే జీపు ఒకటి తెచ్చిచ్చాడు, రాళ్లూ రప్పలూ ఎక్కే పెద్ద చక్రాలది. దానితో వచ్చిన బ్యాటరీ కొన్నాళ్లకే చచ్చిపోయింది. రంజానుకు మనవడు వచ్చేసరికి జీపు నడవాలని చాచా ఆశ. ఆ వంకతోనైనా ఆయన వాకిట్లో నాకో పీట దొరకాలని నా ఆశ. "నాకు కరెంటు పని వస్తది చాచా" అన్నాను. (వచ్చిందల్లా, ఇంట్లో ఒకసారి రేడియో విప్పి బిగించడం. ఆ తర్వాత అది మూత తీసి ఉంచితేనే పాడేది.)

"అయితే జర చూడు సారూ. చాయ్ తాగుతవా?" అన్నాడు చాచా.

పీట దొరికింది. సాయంత్రాలు నేను జీపు ఒళ్లో పెట్టుకుని వైర్లను తదేకంగా చూసేవాణ్ణి. ఆయన కాజాలు కుడుతూ తన పెళ్లి ముచ్చట్లు చెప్పేవాడు. అంత హాయిగా సాగుతుంటే ఒకరోజు "ఏమాయె సారూ, సమజైందా?" అని అడిగేశాడు. ఇక ఏదో ఒకటి చేయక తప్పలేదు. అప్పట్లో కరెంటు పోతే మా వాడంతా టీవీని ట్రాక్టరు బ్యాటరీకి తగిలించి సీరియలు చూసేది. అంత టీవీని నడిపే బ్యాటరీకి ఇంత జీపు ఒక లెక్కా అనుకున్నాను. జీపు పొట్ట మీద ఆరు వోల్టులని రాసుంది, బ్యాటరీదేమో పన్నెండు. ఎక్కువైతే ఇంకా హుషారుగా ఉరుకుతుందనుకున్నాను. (మా ఇంట్లో అన్నం తక్కువ పెడితే తప్పు, ఎక్కువ పెడితే తప్పు కాదు.)

పక్కింటివాళ్లనడిగి తెచ్చిన బ్యాటరీ జీపు కన్నా పెద్దది. అందుకని దాన్ని ఇంటి ముందరి గద్దె మీద పెట్టి, పొడుగాటి వైరుతో జీపుకు కలిపాను. రిమోటు బండిని దూడలా కట్టేసిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. చాచా "బిస్మిల్లా" అని మీట నొక్కాడు. ముందు చక్రాలు కర్రున ఎడమకు తిరిగి అక్కడే బిగుసుకుపోయాయి. గుప్పున కమురు వాసన. ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు కాలిపోయింది. వెనక చక్రాలను నడిపే పెద్ద మోటారు మాత్రం తట్టుకుని లాగడంతో, జీపు రెట్టింపు బలంతో చాచా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. తిరిగిన కొద్దీ వైరు ఆయన లుంగీని బిగిస్తూ పోయింది.

"ఆపు సారూ, ఆపు."

"రిమోటు మీ చేతులనే ఉంది చాచా."

"ఇది నా మాట ఇంటలేదు."

నేను ఉరికి బ్యాటరీ దగ్గర వైరు పీకేశాను.  చాచా వైరు విప్పుకుని, జీపును కుట్టుమిషను మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి నేను పెరటి దారిన వెళ్లి పెరటి దారిన వచ్చేవాణ్ణి. జీపు సంగతి దేవుడెరుగు, నా పీట పోయిందని ఏడుపొచ్చింది. అర్రలో మళ్లీ అదే నిశ్శబ్దం.

కొన్నాళ్లకు చాచానే నా తలుపు కొట్టాడు. "ఏం సారూ, కనబడుతలేవు. పానం మంచిగ లేదా?"

"జీపును హైదరాబాదు పట్టుకపోయి బాగుచేపిస్త చాచా. మనుమడు వచ్చేసరికి తెస్త" అన్నాను తల వంచుకుని.

"వాళ్లు గీసారి వస్తలేరు. అల్లునికి పనంట." చాచా వాకిట్లోకి తిరిగాడు. "జీపు గట్లనే ఉండనీ బేటా. అది బాగైతే మల్ల నువ్వు నీ అర్రల, నేను నా అర్రల. నడువు, చాయ్ సల్లారుతాంది."

అంతవరకూ నేను ఆయనకు సారునే. వెంట నడిచాను. నాకు బదిలీ అయ్యేదాకా సాయంత్రం సాయంత్రం ఆ జీపును ఇద్దరం బాగుచేస్తూనే ఉన్నాం.

మొన్నీమధ్య, రిటైరయ్యాక, అలాంటిదే గుట్టలెక్కే బండి ఒకటి కొనుక్కున్నాను. ఇప్పటివి లిథియం బ్యాటరీలు. చక్రాలు తిప్పే ఆ చిన్న మోటారును సర్వో అంటారట. నా బండిలో బ్యాటరీ ఇచ్చే వోల్టేజీని అది తట్టుకోదు. అందుకని మధ్యలో వోల్టేజీ తగ్గించే బిళ్ల బిగించి, మీటరు పెట్టి చూసుకుని, అప్పుడే సర్వో కలిపాను. ఛార్జింగు పెడితే కదలకుండా ఎదురుగానే కూర్చుంటాను. బండి ఒక్క తప్పు చేయలేదు. దిండ్లు ఎక్కి దిగి, బుద్ధిగా వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. ఇంట్లో నేనొక్కణ్ణే. శభాష్ అనడానికి కూడా ఎవరూ లేరు.  లేచి సర్వో వైరు నా చేతులతోనే ఊడదీసి, ఈ వయసులో ఇదేం బుద్ధిరా అని నవ్వుకుంటూ వెళ్లి పక్క ఫ్లాటు పెద్దాయన తలుపు కొట్టాను.

"ఏమనుకోకుండ్రి సారూ, మా బండి జర తిరుగుతలేదు. వచ్చి చూస్తరా? చాయ్ పెట్టిన."