తెలుగు ఆరాధనకి ఓటు

నేను ఏడో తరగతి బాగానే చదివాననుకోవాలి, రెండుసార్లు చదివాను గనక. అందుకే అమెరికాలో, ఎడిసన్‌లో మా తెలుగు చర్చి మీటింగుల్లో నాది కుర్చీలు వేసే డిపార్ట్‌మెంటు. ఆ ఆదివారం మాత్రం ఇంకో పని పడింది. మా అత్తగారి పక్కన కూర్చుని, అక్కడ ఏం జరుగుతోందో ఆవిడకి తెలుగులో చెప్పడం.

మీటింగు దేనికంటే, ఇక్కడే పుట్టిన పిల్లలు ఆరాధన ఇంగ్లీషులో కావాలన్నారు. నెలకి రెండు ఆదివారాలు ఇంగ్లీషు, మిగతావి తెలుగు చేద్దామా అని పాస్టరుగారు ఓటుకి పెట్టారు. మా అత్తగారికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. మేం డ్యూటీలకి పోతే వారమంతా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారం మాత్రం అందరి ముందూ ప్రార్థన ఆవిడదే. ఒంట్లో బాగోనివాళ్ళు, ఉద్యోగం పోయినవాళ్ళు వచ్చి, తల మీద చెయ్యి పెట్టించుకుని ప్రార్థన చేయించుకుంటారు. ఇంగ్లీషు వారాల్లో ఆ ప్రార్థన కూడా పిల్లలే చేస్తారు.

ముందు పెద్దలు లేచారు. తెలుగు పోతే మనం పోయినట్టేనని ఒకాయన పావుగంట వాదించాడు, ఇంగ్లీషులో. ఆయన్ని సపోర్ట్ చేస్తూ ఇంకో ఇద్దరు మాట్లాడారు, అదీ ఇంగ్లీషే. ఆఫీసు అలవాటు, మైకు కనబడితే వచ్చేస్తుంది.

"ఏమంటున్నారు బాబూ?" అంది అత్తగారు.

"తెలుగు కోసం ప్రాణాలిస్తామంటున్నారు."

"ఇంగ్లీషులోనా?"

"ప్రాణాలు ఏ భాషలో ఇస్తే ఏముంది లెండి."

ఆవిడ నావైపు అదోలా చూసింది.

తర్వాత కాలేజీలో చదివే ఒకమ్మాయి లేచింది. ఎదురుగా పెద్దవాళ్ళున్నారని తెలుగులోనే మాట్లాడింది. "ఆంటీలు, అంకుల్స్, మాకు పాటలు ఇష్టం. కానీ పాస్టరుగారు చెప్పే వాక్యం అర్థం కాదు. నా ఫ్రెండ్స్ రావడం మానేశారు. నాకు మానేయాలని లేదు."

పాస్టరుగారు చేతులెత్తమన్నారు. ఇంగ్లీషు కావాలని లేచిన చేతుల్లో మొదటిది మా అత్తగారిది. అది చూసి ఇంకొంతమంది పెద్దలు కూడా ఎత్తారు. పిల్లలు నెగ్గారు.

కారెక్కాక ఉండబట్టలేక అడిగాను. "ఓటు అటు వేశారేంటి అత్తయ్యగారూ? తెలుగు కావాలన్నది ఆ పెద్దాళ్ళు, పక్కనే కూర్చుని చెప్పాను కదా. నెలకి రెండు వారాలు ఇక ఊరికే కూర్చోవాలి మీరు."

ఆవిడ సీటుబెల్టు పెట్టుకుంది.

"కూర్చుంటాను. ఆ పిల్ల ఏం అడిగిందో నా చెవులతో విన్నాను. వాళ్ళు తెలుగు కోసం మాట్లాడుతున్నారని చెప్పింది మీరు. మీరు చెప్పింది నేనెప్పుడు నమ్మాను బాబూ?"