కొంగు కింది ఫోన్

మా పెద్దమ్మ తన ఫోన్ తెరిచేటప్పుడు దాని మీద కొంగు కప్పుకునేది. లాల్‌గడి మలక్‌పేట్‌లోని మా ఉమ్మడి ఇంట్లో ఎవరి ఫోన్ ఎవరైనా తీసుకుంటారు. ఎవరి లాక్ ఏమిటో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఆ కొంగు చూసి అందరం నవ్వేవాళ్లం.

నంబరు కొట్టే బాధ ఎందుకని మొదట్లో ఆ ఫోన్‌కు ఆమె వేలిముద్ర పెట్టింది నేనే. ఒక మధ్యాహ్నం ఆమె బెండతోట నుంచి వచ్చి నిద్రపోతే, పెదనాన్న ఆమె బొటనవేలిని ఫోన్‌కు ఆనించి లాక్ తీశాడు. ఎవరికో కాల్ చేయడానికేనట. లేచి సంగతి తెలుసుకున్న పెద్దమ్మ గొడవ పడలేదు. ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"వేలు తీసెయ్ బిడ్డా. పండుకుంటే నా వేలు ఎవలైన వట్టుకుంటరు. నంబరైతే నా తలకాయల ఉంటది."

కొంగు కప్పడం ఆ రోజే మొదలైంది.

పెదనాన్నకు అది నామోషీ అనిపించింది. ఒకరోజు అందరం అన్నం తింటుండగా అడిగేశాడు.

"నాకు తెల్వకుండ ఏం దాస్తున్నవే?"

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. కొంగు కింద నంబరు కొట్టి, తెరిచిన ఫోన్‌ను ఆయన చేతిలో పెట్టింది.

"సూడు."

ఆయన తీరిగ్గా చూశాడు. బెండచెట్ల ఫోటోలు, అల్వాల్‌లో ఉండే చెల్లెలికి చేసిన కాల్స్, మనవరాలు పాడిన పాట.

"ఏం లేదు గదా. మరి గీ లాక్ ఎందుకు?"

పెద్దమ్మ ఫోన్ తీసుకుని మళ్లీ లాక్ చేసింది.

"ఏం లేకున్న నాదే గదా," అని, సగం తిన్న అన్నం ముందు కూర్చుంది.