అత్తగారి నోట కోక

మొన్న రాజమండ్రిలో బట్టల కొట్టుకు వెళ్ళి, మోకాళ్ళ నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేక, నాలుగు నేత కోకలు చూపించమ్మా అని అడిగితే, కౌంటర్లో అమ్మాయి అదేదో వేరే సరుకనుకుని, అవి మా దగ్గరకి రావండీ అంది. చీరలేనమ్మా అని విడమరిచి చెప్పే ఓపిక కూడా లేక కుర్చీలో కూలబడ్డాను.

నిజానికి ఆ మాట నాది కాదు, మా అత్తగారిది. తొంభైల్లో నేను కొవ్వూరు నుంచి యానాం దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చేనాటికి, కోక అంటే పెద్దవాళ్ళు చీరను పిలిచే పేరనే నాకు తెలుసు. ఆ ఏడాది కార్తీకంలో తుపాను వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం అత్తగారి అన్నయ్య, భార్య పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి, ఇంటి కప్పు లేచిపోగా ఏటిగట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చి, నిలువెల్లా తడిసి మా అరుగు మీద చతికిలబడ్డారు.

"అమ్మాయ్, మా అన్నయ్యకి ఓ కోక తెచ్చియ్యి" అని అత్తగారు వంటింట్లోంచి కేకేశారు. కంగారులో నేను ఆవిడ నేతచీరే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. మావారు పక్కున నవ్వారు.

"నవ్వుతావేంట్రా? మా పుట్టింట్లో ఆడా మగా ఎవరు కట్టినా కోకే" అంటూ అత్తగారు పంచె పట్టుకుని బయటికొచ్చారు. పూర్వం ఆ మాట అందరి బట్టకూ ఉండేదనీ, రానురాను ఆడవాళ్ళ చీరకే మిగిలిందనీ, ఆ చీర అన్నదేమో సంస్కృతంలో నారబట్టకూ పాతగుడ్డకూ పేరనీ చాలాకాలం తర్వాత నిఘంటువులో చూశాను.

ఆ పూట అరుగు మీది పెద్దాయన మాత్రం నవ్వలేదు. చీరను భుజాల చుట్టూ కప్పుకుని, "మీ వదిన కోక ఒక్కటి దాచుకున్నాను చెల్లాయ్, పెట్టెతో సహా కొట్టుకుపోయింది" అని భోరుమన్నారు. అత్తగారు పక్కన కూర్చుని, ఆ చీర కొంగుతోనే ఆయన తల తుడిచారు. ఆ చలికాలమంతా ఆయన మా ఇంట్లోనే ఉండి, దాన్నే కప్పుకుని పడుకునేవారు; తిరిగి అడగడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఇంట్లో నైటీలు, చుడీదార్లు, లెగ్గింగులు, మనవడి షార్టులు, దేని పేరు దానిదే, ఎవరి బీరువా వారిదే. సాయంత్రం దండెం మీది బట్టలన్నీ తెచ్చి మంచమ్మీద పోసుకునేసరికే నడుము పడిపోతుంది. వీటన్నిటినీ ఒకే మాటతో పిలిచిన మనిషి అప్పుడు గుర్తొస్తారు. పైకి అంటే పలికేవాళ్ళు లేరు కనుక ఆ మాట మనసులోనే అనుకుని, సగం మడతపెట్టి, మిగిలినవి రేపు చూద్దాంలే అని లేస్తాను.