పెంటమ్మ గారి పేరు

2022 వానాకాలం. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. రాజోలు అవతల, సముద్రం పక్క ఊరి నుంచి ఒకావిణ్ణి తీసుకొచ్చేరు. డెబ్బై దాటిన మనిషి, కిడ్నీలు రెండూ పాడైపోయేయి. కేస్ షీట్ మీద పేరు పెంటమ్మ.

కొడుక్కి రొయ్యల చెరువులున్నాయి. నన్ను పక్కకి పిలిచి, "మేడమ్, అందరూ వింటారు, ఆ పేరెందుకండీ? పద్మావతి గారని పిలవండి" అన్నాడు. నాకూ అదే నయమనిపించింది. అబద్ధమెందుకు, ఆ పేరు పైకి అనాలంటే నాకే నామోషీగా ఉండేది.

మూడో రోజు ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు.

"సిస్టరమ్మా, ఆ పద్మావతెవరండి?"

"మీరేనండి. మీ అబ్బాయిగారు అలా పిలవమన్నారు."

"ఆడికి సిగ్గండి. నా ముందు నలుగురు పుట్టి పోయేరు మా అమ్మకి. నన్ను పెంటకుప్ప మీద దొర్లించి, ఎత్తుకున్నోళ్లకి చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కుందంట. ఇలాంటి పేరున్నదాన్ని చావు కూడా ముట్టుకోదని. ఆ పేరు మీదే ఇన్నాళ్లూ బతికేనండి. ఇంకోళ్ల పేరుతో నన్ను పోనివ్వకండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. అన్నానే గానీ మొహమాటం చావలేదు. కొడుకుంటే పద్మావతి గారూ అనేదాన్ని, లేకపోతే "అమ్మా" అని సరిపెట్టేసేదాన్ని. ఆవిడ మొహం గోడవైపు తిప్పేసుకునేవారు.

పన్నెండో రోజు పొద్దున్న మత్తులోకి జారిపోయేరు. ఐసీయూలో తెలివుందో లేదో చూడ్డానికి ముందు పేరు పెట్టి పిలుస్తాం, రెస్పాన్స్ చూడటం అంటాం దాన్ని. "పద్మావతి గారూ" అని మూడుసార్లు పిలిచేను. పలకలేదు. రెస్పాన్స్ లేదని రాసేసేను. మీ అమ్మగారికి తెలివి లేదండీ అని కొడుక్కీ చెప్పేను. అతను బయట బెంచీ మీద కూలబడిపోయేడు, లోపలికి రాలేకపోయేడు.

మధ్యాహ్నం ఒక ముసలావిడొచ్చేరు. వయసులో ఇద్దరూ కలిసి చేపల తట్టలు మోసేరట. చెవి దగ్గర వంగి, "ఒసే పెంటమ్మా, నేనేనే, ఇటు చూడు" అన్నారు. కళ్లు తెరిచేరు. ఆవిణ్ణి చూసేరు, తర్వాత నన్ను చూసేరు. పెదాలు కదిలేయి గానీ మాట రాలేదు. నేను కొడుకుని పిలుచుకొచ్చేలోపే కళ్లు మళ్లీ మూతపడ్డాయి. సాయంత్రానికి పోయేరు.

ప్రాణం ఎలాగూ దక్కేది కాదు, అది నాకు తెలుసు. కానీ పొద్దున్నే సరిగ్గా పిలిచుంటే ఆ కొడుకు తల్లితో ఒక్క మాటైనా మాట్లాడేవాడు. ఆ పూటని నేనే పోగొట్టేను.

ఇప్పుడు ఎవరు చేరినా, "మిమ్మల్ని ఏమని పిలవమంటారండి?" అని వాళ్లనే అడుగుతాను. ఎంత మోటు పేరైనా వాళ్లు చెప్పినట్టే పలుకుతాను. బాగుందో లేదో తేల్చడానికి నేనెవర్తిని? ఆ పన్నెండు రోజులూ పెంటమ్మ గారికి మందులిచ్చేను, పక్క మార్చేను, తల దువ్వేను. పేరు పెట్టి మాత్రం ఒక్కసారీ పిలవలేదు.