బుచ్చిరాములు దుకాణానికొచ్చిన మూగ కారు

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో కార్లకు సౌండ్ సిస్టం బిగించే బుచ్చిరాములుకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగమే పనిచేస్తుంది. ఈ సంగతి మా అందరికీ తెలుసు. తెలియనట్టు ఆయనా నటిస్తాడు, మేమూ నటిస్తాం. మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాల మధ్య ఏళ్ల తరబడి నిలబడి, చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి పెట్టిన వ్యాపారం చూడండి: జనానికి పాటలు వినిపించడం. పక్కనే చాయ్ హోటల్ నడిపే నాకు ఆయన తెగువ చూస్తే ఒళ్లు మండుతుంది, ముచ్చటా వేస్తుంది.

స్పీకరు మోగుతుందో లేదో ఆయన చెవి పెట్టి చూడడు. కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు. "సౌండ్ అంటే ఇనేది గాదు తమ్మీ, ఒంటికి తాకేది" అంటాడు, నేను అడక్కపోయినా. అనడమేమిటి, అరుస్తాడు. ఆయన గుసగుస చెప్పినా గజ్వేల్ బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూస్తారు.

"నా దుకాణంల కెళ్లి మూగ బండి బయటికి వోయిన దినం షటర్ గుంజి, మీ అన్న హోటల్ల ప్లేట్లు కడుగుత" అని ఒకసారి భార్య వనజకు నలుగురిలో మాటిచ్చాడు. వనజ అన్నకు నిజంగానే హోటల్ ఉంది, ప్లేట్లు కడిగే మనిషి మాత్రం దొరకడం లేదు. ఆ రోజు కోసం ఆమె ఓపికగా ఎదురుచూస్తోంది.

మొన్న శ్రావణంలో దినేశ్ కారు వచ్చింది. ములుగు పిల్లగాడు, కూరగాయల వ్యాపారం. డిక్కీ నిండా స్పీకర్లే. ఆ కారు చౌరస్తా దాటితే నా గ్లాసులు వణికేవి. అలాంటిది వారం నుంచి కిక్కురుమనడం లేదట. ఎక్కడో అద్దాల తలుపులున్న పెద్ద దుకాణంలో చూపిస్తే మొత్తం సెట్టే మార్చాలన్నారట.

"నీతోని గాకుంటే హైదరాబాద్ వోత కాక" అన్నాడు దినేశ్.

అప్పుడే టిఫిన్ డబ్బాతో వచ్చిన వనజ, నా బెంచీ మీద తీరుబడిగా కూర్చుంది.

బుచ్చిరాములు మొదలుపెట్టాడు. సెట్టు వెలుగుతోంది, పాట నడుస్తోంది, సౌండ్ నిండా పెట్టే ఉంది. ఫ్యూజు తీసి చూశాడు, బాగుంది. స్పీకరు తీగలకు గోడగడియారం సెల్లు తాకించాడు, అరచేతి కింద టక్కుమంది. ఇక మిగిలింది సీటు కింది ఆంప్లిఫయర్. దాని లైటు వెలగడం లేదు. దాన్ని నిద్ర లేపడానికి సెట్టు నుంచి ఒక సన్నటి నీలం వైరు వస్తుంది. ఆ వైరు పట్టుకుని డ్యాష్‌బోర్డు కిందికి దూరాడు. కాళ్లు మాత్రమే బయట మిగిలాయి. ఎంతసేపటికీ అవి కదల్లేదు. వనజ ముఖం వికసించింది.

"దినేశూ, గిది ఎవరు గట్టిన్రు?"

వైర్ల కట్టకు పసుపు బట్టలో మూటగట్టిన కొబ్బరికాయ వేలాడుతోంది. ముడుపు. రోడ్డు గుంతలకు ఊగి ఊగి నీలం వైరును ఊడబెరికింది. అద్దాల దుకాణంవాళ్లూ చూసే ఉంటారు. దేవుడితో మనకెందుకని మొత్తం మార్చమని చెప్పి ఉంటారు.

"మా అవ్వ గట్టిందేమో" అంటూ దినేశ్ చెయ్యి పెట్టబోతే ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు బుచ్చిరాములు. ఒకరు కట్టిన ముడుపు ఇంకొకరు విప్పరు, అందులోనూ మొక్కు తీరకముందు. అది విప్పందే వైరు అతకదు. దినేశ్ తల్లి లక్ష్మీబాయికి ఫోన్ చేశారు. ఆటో దిగకముందే ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది.

"కొమురెల్లి మల్లన్నకు గట్టిన. మొక్కు తీరినంకనే ఇప్పుత."

"ఏం మొక్కినవ్ అక్కా?" అడిగాడు బుచ్చిరాములు.

"వీని కారుల గా చప్పుడు బందుగావాలె అని."

నాకు చాయ్ పొలమారింది. మల్లన్న ఆమె కోరిక తీర్చాడు, అదీ ఆమె కాయతోనే, సొంత ఖర్చు లేకుండా. వారం నుంచి చప్పుడు లేదని తెలిసి ఆమె రెండు చేతులూ జోడించింది. ముడుపు తానే విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"నడువు, కొమురెల్లికి. గా వైరు మాత్రం ముట్టకున్రి."

"కాక, నువ్వు వెట్టు" అన్నాడు దినేశ్. వైరు అతకడం చిటికెలో పని. వనజ లేచి నిలబడింది.

"కారెక్కితె ఒక్క ముచ్చట ఇనడు" అంది లక్ష్మీబాయి. "పాణం బాగలేదురా, దవాఖానకు తీస్కపో అన్న. పాటకు తలకాయ ఊపిండు."

బుచ్చిరాములు వైరు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆయన నోట నేనెన్నడూ వినని మెల్లని గొంతుతో అన్నాడు:

"నాకు చెవులు లెవ్వు బిడ్డా. భివండిల వోయినయ్. మా ఇంటామె ఏమంటదో మూతి జూసి తెలుసుకుంట. నీకు మంచిగున్నయ్ గద. ఇనరాదు?"

వనజ ముఖంలో నవ్వు పోయింది. నాకు దుఃఖం వచ్చింది, దాచుకోవడానికి గ్లాసులు కడిగాను. ఆయన వైరును అతక్కుండానే కొసకు టేపు చుట్టి లోపలికి తోసేశాడు. దినేశ్ తల్లి కోసం ముందు సీటు తలుపు తీశాడు.

కొమురెల్లికని కారు సిద్దిపేట దిక్కుకు మళ్లింది. దించిన అద్దాల్లోంచి లక్ష్మీబాయి గొంతు రోడ్డు పొడుగునా వినిపిస్తూనే ఉంది. బుచ్చిరాములు షటర్ మీద చెయ్యి వేసి నన్నడిగాడు:

"తమ్మీ, పోయే బండిల సౌండ్ వస్తుందా?"

నేను నోరు తెరిచేలోపు వనజ వెళ్లి, ఆయన చేతిని షటర్ మీద నుంచి తీసింది. తన మూతి ఆయనకు బాగా కనపడేలా ఎదురుగా నిలబడింది.

"మస్తు వస్తుంది" అంది, ఒక్కో మాటే మెల్లగా. "చెయ్యి గడుక్కో. అన్నం తిను."