చించితేనే ఒదిగే గాజుబట్ట

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. షెడ్డులో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, కారు భాగాలు పోసే అచ్చులతో మాట్లాడతాను. బయట నాకు నోరు పెగలదు. బస్సులో టికెట్ అడగాలన్నా ఊరి పేరు ముందు మనసులో అనుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు అంటాను. డిగ్రీ చదివినన్నాళ్లూ వెనక బెంచీలో, పాఠానికి సంబంధం లేని ఏదో ఒక పుస్తకం చాటున గడిపేశాను. అచ్చు ముందు కూర్చుంటే మాత్రం మాటలు వాటంతటవే వస్తాయి. "ఇంగ కొంచెం ఓర్చుకో, ఈ మూల ఒగటి రుద్దితే అయిపాయ" అంటూ ఉంటాను. అది తిరిగి నన్నేమీ అడగదు. అదే మా స్నేహం.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. అవ్వ ఇప్పటికీ అక్కడే ఉంది. నాయన మాత్రం మీసాలు రాకముందే మగ్గం దిగి, కార్ల సొట్టలు తీయడం, రంగులు వేయడం నేర్చుకున్నాడు. పెనుకొండలో హైవే పక్కన మాకొక రేకుల షెడ్డు ఉంది. చదువు అయ్యాక ఫోన్లు ఎత్తడానికని నన్ను అందులో కూర్చోబెట్టాడు. ఫోన్లో మాట్లాడలేక నేను ఉప్పుకాగితం చేతికి తీసుకుని బానెట్లు రుద్దడం మొదలుపెట్టాను. అలా పని నేర్చుకున్నాను.

పోయిన వేసవిలో ధర్మవరం నుంచి రిటైరైన బడి అయ్యవారొకాయన వచ్చాడు. తన ఇంటి గేటు రాతికూసానికే గుద్ది, పాత కారు ముందు బంపరు ముక్కలు చేసుకున్నాడు. ఆ కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. బంపరు ఎక్కడా దొరకదు. నాయన నన్ను అడగకుండానే "ఫైబర్‌తో చేసిస్తాం అయ్యవారూ" అనేశాడు. అప్పటిదాకా మేం పగుళ్లకు ఫైబర్ అతుకులు వేశామే తప్ప ఒక భాగం మొత్తంగా చేసింది లేదు. చేయాలంటే అచ్చు కావాలి. అచ్చు తీయడానికి చెక్కు చెదరని బంపరు ఒకటి కావాలి.

అది హిందూపురంలో ఒక టైర్ల కొట్టు యజమాని దగ్గర దొరికింది. అదే కారును ఆయన కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు. ఎవరెవరితోనో చెప్పించుకుని వెళితే, బంపరును తనే ఊడదీసి, దుప్పటిలో చుట్టి, నాయన చేతుల్లో పెట్టాడు. పెట్టాడే గాని వదల్లేదు.

"ఏమప్పా, ఇది పోతే నాకు ఇంగొకటి యాడా దొరకదు. తెలుసునా?"

"నా ప్రాణం మాదిరి చూసుకుంటాన్నా."

"నీ ప్రాణం నాకెందుకప్పా? బంపరు మాదిరే చూసుకో, సాలు."

దారిలో నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అచ్చుకు పూసే రెసిన్ ద్రవం గట్టిపడేటప్పుడు అసలు భాగానికి అంటుకుపోతే, అచ్చూ ఉండదు, బంపరూ ఉండదు. నమ్మి ఇచ్చిన మనిషి వస్తువును పగలగొట్టి తీయాల్సి వస్తుంది. ఆ భయం నాకే ఎక్కువ. ఎందుకంటే అచ్చు తీసే విధానమంతా పుస్తకాలలో, వీడియోలలో చూసి నాయనకు చెప్పింది నేనే.

సామాన్ల కొట్టు కూడా హిందూపురంలోనే. కొట్టాయన ఒక చెవిలో ఫోన్ పెట్టుకుని కన్నడంలో ఎవరినో కసురుతూనే మమ్మల్ని అడిగాడు.

"ఏం చేస్తారప్పా, తొట్లా, బొమ్మలా?"

నాయన నా వైపు చూపించాడు. "మా పాపనడుగు."

నేను నేల చూస్తూ ఒకే ఊపిరిలో అప్పగించేశాను. పైపొరకు జెల్‌కోటు, పాలియెస్టర్ రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, కోబాల్టు, గాజుపోగుల మ్యాటు సన్నదీ మందందీ, మైనం.

"ఊపిరి తీసుకో పాపా, అన్నీ ఉండాయి. రెసిన్‌లో ఎపాక్సీ తీసుకోరాదా? ఇంగా గట్టిగుంటాది."

గట్టిదే. కానీ ఈ గాజు మ్యాటులో పోగుల్ని పట్టి ఉంచే జిగురు ఒకటుంటుంది. అది పాలియెస్టర్ రెసిన్‌లో కరిగితేనే మ్యాటు మెత్తబడి మూలల్లోకి వంగుతుంది. ఎపాక్సీలో అది కరగదు. ఇదంతా చెప్పాలనుకున్నాను. "వద్దు" అని మాత్రం అన్నాను. కొట్టాయన నాయన వైపు తిరిగి, "బలే గట్టి పిల్లప్పా, బేరానికి తోలుకపో" అన్నాడు.

బంపరు కొనలు లోపలికి తిరిగి ఉంటాయి. ఒకే ముక్కగా అచ్చు తీస్తే బంపరు బయటికి రాదు. అందుకని మధ్యలో గోడ కట్టి రెండు ముక్కల అచ్చు అనుకున్నాం. ముందు మైనం. పూయడం, ఆరాక తుడవడం, మళ్లీ పూయడం. నా ముఖం అందులో కనపడేదాకా తుడిచాను. దాని మీద అచ్చు అంటుకోకుండా ఉండడానికి, నీళ్లలో కరిగే పల్చటి పొర ఒకటి పూశాం. మధ్యాహ్నపు ఎండకు రెసిన్ మగ్గులోనే గట్టిపడి పొగలు కక్కుతుంది కాబట్టి, పొద్దున్నే పని మొదలుపెట్టాం. కోబాల్టును రెసిన్‌లో ముందే కలిపి ఉంచాను. హార్డెనర్ చివర్లో వేయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంటలే.

అంతా బాగానే జరుగుతోంది. పూసిన జెల్‌కోటు ఆరి వేలికి కాస్త జిగటగా తగులుతోంది. అప్పుడు నాయన మ్యాటు పరిచాడు. చీర కొంగులాగా కొలిచి, కత్తెరతో సూటిగా కత్తిరించి, అంచుకు అంచు ఆనించి, ఒక్క మడత లేకుండా పరిచాడు. చూడడానికి ముచ్చటగా ఉంది. రెసిన్ పూస్తే మూల దగ్గర మ్యాటు పైకి లేచి నిలబడింది. కింద తెల్లగా గాలి బుడగలు. అచ్చు అక్కడ డొల్లగా ఉంటే, బంపరు తీసే రోజున ఆ మూల నుంచే పగులుతుంది.

"నాయనా, కత్తిరించగూడదు. చిన్న చిన్న ముక్కలుగా చించాల. చించిన అంచులైతే ఒగదాంట్లో ఒగటి కలిసిపోతాయి."

"చించేదా?" అన్నాడు నాయన. చేయి ఆడలేదు.

మా ఇంట్లో బట్టను చేత్తో చించరు. మసిగుడ్డ కావాలన్నా కత్తెరతోనే. బట్ట చిరిగే చప్పుడు మగ్గానికి వినపడకూడదని అవ్వ నియమం. నాయన మగ్గం వదిలేశాడు గాని, ఆ నియమం ఆయన్ని వదల్లేదు. మగ్గులో రెసిన్ చిక్కబడుతోంది. లేచిన మ్యాటును పీకేసి, కొత్త మ్యాటు తీసుకుని నేనే చించాను. పర్రుమంది.

ఆ వారం అవ్వ మా దగ్గరికే వచ్చి ఉంది. గుమ్మం దగ్గర కాఫీ తాగుతున్నదల్లా గ్లాసు పక్కన పెట్టి లేచింది.

"ఏమే, ఏం చించితివే?"

"గాజుబట్ట అవ్వా. ఇట్ల చించకపోతే మూలకు ఒదగదు."

అవ్వ ఒక ముక్క అడిగింది. చేతులు దురద పెడతాయని చెప్పి గ్లవ్స్ తొడిగాను. దాన్ని వెలుగుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో పడుగు యాడ? పేక యాడ?"

"రెండూ లేవవ్వా. పోగులు చల్లి అతికించినారు."

"పడుగూ పేకా ల్యాకుంటే అది బట్టెట్లయితాది? చించుకోపో." అని, నాయన వైపు తిరిగింది. "దీనికేమిరా అట్ల నిలబడుకోని ఉండావు? పాలు ఇరిగిపోయినట్ల మొగం పెట్టుకోని!"

ఆ తర్వాత తనూ ఒక ముక్క చించింది. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది. ఇంకోటి చించింది. నవ్వడం మొదలుపెట్టింది.

"అబ్బా! ఇంత సుఖముంటాదని నాకెవురూ చెప్పల్యాకపాయె!"

నవ్వుకు కళ్లనీళ్లు వస్తే మోచేత్తో తుడుచుకుంది. అవ్వ చించి ఇస్తుంటే నాయన బ్రష్‌తో అద్దాడు, నేను రోలరుతో బుడగలు నొక్కాను. మూల ఒదిగింది. మగ్గు గట్టిపడే లోపల పొర అయిపోయింది. తర్వాతి పొరలకూ, రెండో ముక్కకూ చించే పని ఇంకెవరినీ ముట్టనివ్వలేదు అవ్వ. రేపు చించేదుందా అని ముందురోజే అడిగేది.

అచ్చు విప్పే రోజు టైర్ల కొట్టు యజమాని చెప్పకుండా దిగాడు. నిద్ర పట్టలేదట. రెండు ముక్కలనూ కలిపి బిగించిన బోల్టులు తీశాం. ఒక ముక్క సులువుగా వచ్చింది. రెండోది బంపరును పట్టుకుని కూర్చుంది. సందులో నీళ్లు పోశాం, ప్లాస్టిక్ చీలలు దింపాం, రబ్బరు సుత్తితో తట్టాం. కదల్లేదు.

"ఏమబ్బా, వస్తాదా, రాదా?" అన్నాడాయన. ఆయన ఒక పాత టైరు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

మైనం మీది పల్చటి పొర కరగడానికి నీళ్లకు కొంచెం వ్యవధి ఇవ్వాలని నాకు తెలుసు. ఇంకొకసారి పోసి ఆగాం. తర్వాత రెండో కొన పట్టుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. నాయన మధ్యలో ఉన్నాడు. మిగిలింది టైరు మీద కూర్చున్నాయనే. కొత్తవాళ్లతో నేనుగా మొదట మాట్లాడింది అప్పుడే అనుకుంటాను.

"అన్నా, ఆ కొన పట్టుకోండి. లాగొద్దండి, కొంచెం వంచండి, సాలు."

ఆయన లేచి వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి వంచాం. టక్కుమని చప్పుడైంది. ఏదో విరిగిందనుకుని అవ్వ "అయ్యో!" అంది. విరగలేదు, ఊడింది. నీళ్లు కారుతూ బంపరు ఆయన చేతుల్లోకి వచ్చేసింది.

ఆయన దాన్ని ఎండలోకి తీసుకెళ్లి, అరచేత్తో ఈ కొన నుంచి ఆ కొనదాకా తడిమాడు. గీత కోసం వెతికాడు. ఎక్కడా లేదు. నేను పట్టించిన మైనానికి ఇచ్చినప్పటి కన్నా ఎక్కువ మెరుస్తోంది. తర్వాత వచ్చి అచ్చు లోపలికి తొంగి చూశాడు. బంపరు ప్రతి వంపూ, లైటు కంతల అంచులూ అందులో ఉన్నాయి. అవ్వ ఇచ్చిన కాఫీ తాగాడు. నాయన బంపరును ఆయన బండిలోకి ఎక్కించాడు.

బండి ఎక్కబోతూ ఆగి, నాయనను దాటుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పాపా, అయ్యవారిది అయినాక నాగ్గూడా ఒకటి పోసియ్యి. దీన్ని ఇంట్లో దాంచిపెట్టుకుంటా. బండికి నువ్వు చేసిందే బిగించుకుంటా."