ఒక దుప్పటి తక్కువ

ఆఫీసులో అందరూ ఆయన్ని వసూలు బాబాయి అంటారు. ఆ పేరు వింటే మీసాలు మెలేసే మనిషి కళ్లముందు మెదులుతాడు గానీ, బాబాయి తుమ్మితే తనే ఉలిక్కిపడే రకం. సర్కారు ఎవరికైనా పొరపాటున ఎక్కువ చెల్లిస్తే ఆ సొమ్ము వెనక్కి రాబట్టడం ఆయన పని. ముందు ఉత్తరం, ఆపైన జవాబుకు గడువు, అదీ దాటితే వాళ్లకు రావలసిన తర్వాతి బిల్లులో కోత. ఉత్తరంతో సరిపోయే చోటికి కూడా ఆయన స్వయంగా వెళ్తాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మకం. దారిపొడుగునా కలలు కనొచ్చని ఆశ కూడా. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందా, దిగాల్సిన చోటు దాటాక గానీ ఈ లోకంలోకి రాడు.

ఆ రోజు వెళ్లింది ఆస్పత్రి దుప్పట్లు ఉతికే అక్క దగ్గరికి. ఒకే బిల్లు ఒకసారి కాగితం మీద, ఇంకోసారి కొత్తగా వచ్చిన కంప్యూటరులో ఎక్కి, డబ్బు రెండుసార్లు వెళ్లిపోయింది. అదంతా ఈ నెల బిల్లులోనే కోస్తే ఆమె పనివాళ్లకు జీతాలుండవు, లాండ్రీ మూతపడుతుంది. అది తెలిసే బాబాయి కాళ్లీడ్చుకుంటూ మెట్లెక్కాడు.

మేడ మీద తాళ్లనిండా తెల్లదుప్పట్లు. గాలి వీచినప్పుడల్లా ఒక గది మూసుకుని ఇంకో గది తెరుచుకుంటున్నట్టు కదులుతున్నాయి. సబ్బు వాసన, ఎండ వాసన. ఎప్పుడో, ఏదో వానలో, ఈ తెలుపు తన చేతుల్లో ఉన్నట్టు ఆయనకు లీలగా తోచింది. ఎక్కడో గుర్తు రాలేదు. వచ్చిన పని మరిచి దుప్పట్ల మధ్య అలాగే నడుస్తూ పోయాడు.

"అటు పోతే గోడ తగుల్తుందన్నా," అంది అక్క, ఒక దుప్పటి పక్కకి జరిపి.

విషయం విని ఆమె చేతిలోని దుప్పటిని తాడు మీదికి విసిరింది.

"మీరెప్పుడు టైముకిచ్చారు గనక? రెండోసారి డబ్బు పడేసరికి పాత బాకీ తీర్చారనుకున్నా. దాంతో ఆరబెట్టే మిషను కొనేశాను."

"పాత బాకీ ఏంటక్కా?"

ఆమె లోపలి గదిలోకి తీసుకెళ్లింది. గోడ వెంట దొంతరలు దొంతరలుగా చిన్న దుప్పట్లు, మూలన నీలిముద్ర: పిల్లల వార్డు.

"దుప్పట్లన్నీ ఉతకడానికి వేసి, ఆ వార్డు ఎత్తేశారు. ఉతికినవి తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. బిల్లు అడిగితే, వార్డే లేదు, బిల్లేంటన్నారు. ఊరికే పడుంటే పసుపెక్కిపోతాయని ఏటా ఉతికి పెడుతున్నా. సర్కారు సొత్తు కదా."

బాబాయి ఆఫీసుకెళ్లి అధికారిణి ముందు నిలబడ్డాడు. పాత బిల్లుకు కాలం చెల్లిందని ఆవిడ తల అడ్డంగా ఊపింది. సర్కారుకు రావలసింది ఎన్నేళ్లయినా రావలసిందే. సర్కారు ఇవ్వవలసింది మాత్రం గడువు దాటితే గాలిలో దీపం. ఆ తక్కెడకు ఒకటే పళ్లెం.

"మేడమ్, ఆవిడ ఈ ఏడు కూడా ఉతికింది," అన్నాడు బాబాయి మెల్లగా.

ఆవిడ కలం ఆగింది. పిల్లల వార్డు మళ్లీ తెరుస్తున్నారని, దుప్పట్లు కావాలని ఆస్పత్రి రాసిన కాగితం ఆవిడ బల్ల మీదే ఉంది.

"సరే. గడువులో ఉన్న ఏళ్లకి ఉతుకు కూలి కట్టి బాకీలో తగ్గిద్దాం. మిగతాది వాయిదాల్లో ఇస్తుంది. కానీ ఆ వార్డుకి ఇచ్చిన దుప్పట్లన్నీ లెక్కకు రావాలి. ఒక్కటి తగ్గినా విచారణే, కోత ఆగదు. రేపు సాయంత్రం దాకా చూస్తాను."

బాబాయి రెక్కలొచ్చినట్టు వెనక్కి వెళ్లాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని లెక్కపెట్టారు. ఒకటి తగ్గింది. మళ్లీ లెక్కపెట్టారు. అయినా ఒకటి తగ్గింది.

"చిరిగిపోయిందని రాద్దామా," అన్నాడు బాబాయి, తనకే వినపడనంత చిన్నగా.

"చిరగలేదన్నా, నేనే ఇచ్చాను. ఆ వార్డు ఉన్నప్పుడు ఒకనాడు జోరువాన. జ్వరం తగ్గిన పిల్లనెత్తుకుని ఒకాయన ఆస్పత్రి గుమ్మంలో ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. పిల్ల మళ్లీ తడుస్తుందేమోనని ఉతికి తెచ్చిన మూటలోంచి ఒకటి తీసి చుట్టాను. రేపు తెచ్చిస్తానన్నాడు. పరధ్యానం మనిషి, మర్చిపోయుంటాడు." ఆమె నవ్వింది. "చిరగనిది చిరిగినట్టు రాయొద్దు. లాండ్రీ పోతే పోనీ."

బాబాయి చెవులు కాలిపోతున్నాయి. ఆ రోజు బస్సులో ఆయన కలలేమీ కనలేదు.

"మన పిల్ల ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడు చుట్టిన దుప్పటి ఉందా?" అని ఇంట్లో భార్యనడిగాడు.

"మీ కూతురు ఇప్పటికీ దిండు మీద అదే పరుచుకుంటోంది. ఏం, దాన్నీ వసూలు చేస్తారా?"

కూతురు ఇప్పుడు నాన్నకే దారి జాగ్రత్తలు చెప్పేంతయింది. కథంతా విని, దుప్పటిని ఒకసారి ముఖానికి ఆనించుకుని, మడతపెట్టి ఇచ్చింది. ఊళ్లో అందరి దగ్గరా రాబట్టినవాడి ఇంట్లోనే సర్కారు దుప్పటి. దీపం కిందే చీకటి.

మర్నాడు పొద్దున్నే మేడెక్కి దాన్ని అక్క చేతిలో పెట్టాడు. ఆమె నీలిముద్ర చూసింది, తర్వాత ఆయన్ని చూసింది.

"రేపు తెచ్చిస్తానన్నాను కదక్కా," అన్నాడు.

"పిల్ల బాగుందా?" అంది ఆమె. ముందు అడిగింది అదే.

"బాగుంది."

ఆమె దాన్ని అలాగే దొంతరలో పెట్టలేదు. ఉతికి, ఎండ బాగా తగిలే తాడు మీద వేసింది. కింద కొత్త మిషను ఖాళీగా ఉందని ఆయన గుర్తుచేస్తే, "ఉండనీ అన్నా, సాయంత్రం దాకా టైముంది," అంది. ఇద్దరూ నీడన కూర్చున్నారు. చిన్న దుప్పటి పెద్ద దుప్పట్ల మధ్య ఊగుతోంది. బాబాయికి ఆనాటి వాన, ఆ గుమ్మం, ఆ చేతులు అన్నీ ఒక్కొక్కటిగా కనిపించాయి. సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకున్నాడు.

ఆరాక ఆమె మడతపెట్టి దొంతర మీద ఉంచింది. ఆయన కాగితం తీసి, దుప్పట్లన్నీ సరిపోయాయని రాశాడు. కింద, ఒక దుప్పటి ఆలస్యంగా తిరిగి ఇచ్చినవారు అని రాసి, దాని ఎదురుగా తన పేరు పెట్టాడు.